కాలమ్ టైప్ మార్చడం: ఒక్క లైను కమాండ్ వెనక ఎంత పని

2018 నవంబర్ 8న టీముల ప్రాజెక్టు పనులు నడిపే వెబ్ సర్వీసు బేస్‌క్యాంప్ 3 దాదాపు ఐదు గంటలపాటు రీడ్-ఓన్లీలో ఉండిపోయింది. పాతవి చదువుకోవచ్చు, కొత్తగా ఒక్క ముక్క రాయడానికి లేదు. ఎవరూ హ్యాక్ చేయలేదు, సర్వర్ కాలిపోలేదు. యూజర్లు చేసే ప్రతి పనినీ నమోదు చేసుకునే ఈవెంట్స్ టేబుల్‌లో ఐడీ కాలమ్ మామూలు ఇంటిజర్ టైపులో ఉంది. 32 బిట్ల ఇంటిజర్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. లెక్క అక్కడిదాకా వచ్చి ఆగింది. మందు తెలియనిదేమీ కాదు: ఇంటిజర్‌ను బిగ్‌ఇంట్‌గా, అంటే 64 బిట్ల ఇంటిజర్‌గా మార్చాలి. రూబీ ఆన్ రెయిల్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో ప్రైమరీ కీలు (ఒక్కో వరుసను గుర్తించే ఐడీలు) డిఫాల్ట్‌గా బిగ్‌ఇంట్ కావడం అంతకు ముందటేడాదే, 2017లో వచ్చిన 5.1 వెర్షన్‌తో మొదలైంది. ఆ ఫ్రేమ్‌వర్క్ పుట్టింది బేస్‌క్యాంప్ కంపెనీలోనే. అయితే డిఫాల్ట్ మారినంత మాత్రాన పాత టేబుళ్లు వాటంతట అవి మారవు. వందల కోట్ల వరుసలున్న టేబుల్ మీద ఆల్టర్ టేబుల్ అనే ఆ ఒక్క లైను కమాండ్ నడిచి ముగియాలంటే గంటలు పడుతుంది.

అదే కమాండ్ ల్యాప్‌టాప్‌లో రెండు వందల వరుసల టేబుల్ మీద రెప్పపాటులో అయిపోతుంది. అందుకే ఈ పనిని చాలామంది చిన్నదిగా చూస్తారు. కమాండ్ ఎలా రాయాలో ఎక్కడైనా దొరుకుతుంది. అసలు తేల్చుకోవాల్సినవి రెండు. డిస్క్ మీద ఇప్పటికే ఉన్న బైట్లు కొత్త టైపుకు ఉన్నవి ఉన్నట్టుగా చెల్లుతాయా, లేక ప్రతి వరుసనూ తిరగరాయాలా? తిరగరాస్తే, విలువల అర్థం చెక్కుచెదరకుండా ఉంటుందా? మొదటిది టైముకు సంబంధించింది, రెండోది నిజానికి సంబంధించింది. టెన్షన్ అంతా మొదటిదాని గురించే పడతారు గానీ, ఎక్కువ నష్టం చేసేది రెండోదే.

మొదటిదాని సంగతి చూద్దాం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో వార్‌చార్ 50ని (యాభై అక్షరాల దాకా పట్టే టైపు) వార్‌చార్ 100గానో టెక్స్ట్‌గానో మారిస్తే వరుసల జోలికే పోదు. లోపల రెండూ ఒకే రూపంలో ఉంటాయి కాబట్టి టేబుళ్ల వివరాలు దాచుకునే కేటలాగ్‌లో ఒక ఎంట్రీ సవరించి ఊరుకుంటుంది. 9.2 వెర్షన్ నుంచీ ఇదే పద్ధతి. ఇంటిజర్‌ను బిగ్‌ఇంట్ చేస్తే మాత్రం నాలుగు బైట్లు ఎనిమిది కావాలి. టేబుల్ మొత్తం కొత్త ఫైలులోకి తిరగరాస్తుంది, ఇండెక్సులన్నీ మళ్లీ కడుతుంది. పని జరుగుతున్నంతసేపూ పాత ఫైలూ కొత్త ఫైలూ రెండూ డిస్క్ మీద ఉంటాయి, అంటే టేబుల్‌కు సరిపడా ఖాళీ జాగా ముందే చూసుకోవాలి. ఏ మార్పు ఏ కోవలోకి వస్తుందో ఊహించాల్సిన పని లేదు. అదే స్కీమాతో ఖాళీ టేబుల్ ఒకటి పెట్టుకుని, మార్పుకు ముందూ తర్వాతా పీజీ_రిలేషన్_ఫైల్‌నోడ్ ఫంక్షన్ ఇచ్చే నంబర్ చూస్తే చాలు. నంబర్ మారిందంటే తిరగరాసినట్టే.

మైఎస్‌క్యూఎల్ కొంచెం వేరు. దాని డిఫాల్ట్ స్టోరేజ్ ఇంజిన్ అయిన ఇన్నోడీబీలో డేటా టైప్ మార్పు అంటే సాధారణంగా కాపీ పద్ధతే: కొత్త టేబుల్ కట్టి వరుసలన్నీ అందులోకి పోస్తుంది, ఆ సమయంలో చదవొచ్చు గానీ రాయడానికి వీల్లేదు. వార్‌చార్ పొడవు పెంచడం ఒక్కదానికి మినహాయింపు ఉంది, దానికీ ఒక మెలిక. విలువ పొడవును గుర్తుపెట్టుకోవడానికి 255 బైట్ల దాకా ఒక బైటు, ఆపైన రెండు బైట్లు వాడుతుంది. ఆ గీత దాటనంతవరకే పొడవు పెంచడం తేలిక. ఇక్కడ లెక్క బైట్లలో, అక్షరాల్లో కాదు. తెలుగు రాయడానికి అందరూ వాడే యూటీఎఫ్8ఎంబీ4 ఎన్‌కోడింగ్‌లో ఒక్కో అక్షరానికి గరిష్ఠంగా నాలుగు బైట్లు లెక్కేస్తుంది. అంటే 63 అక్షరాలకు 252 బైట్లు, 64 అయితే 256. వార్‌చార్ 40ని 60 చేస్తే క్షణంలో పని. 60ని 70 చేస్తే టేబుల్ మొత్తం కాపీ. కోడ్ రివ్యూలో చూసేవాళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. దీనికి మంచి విరుగుడు, కమాండ్ చివర అల్గారిథం ఇన్‌ప్లేస్, లాక్ నన్ అని స్పష్టంగా రాయడం. అలా కుదరని మార్పయితే మైఎస్‌క్యూఎల్ చెప్పాపెట్టకుండా కాపీకి దిగకుండా ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

ఒరాకిల్ ఇంకా కచ్చితంగా ఉంటుంది. డేటా ఉన్న కాలమ్‌ను ఒక జాతి టైపు నుంచి మరో జాతికి మార్చమంటే ఓఆర్ఏ-01439 అని ముఖం మీదే చెబుతుంది: ముందు కాలమ్ ఖాళీ చేయమని. విసుగు పుట్టించే ఎర్రరే, కానీ దాని వల్ల పోయిన డేటా కంటే నిలిచిన డేటానే ఎక్కువ అనుకోవచ్చు. ఎస్‌క్యూలైట్‌లో అసలు ఆ కమాండే లేదు. కొత్త టేబుల్ కట్టి, డేటా పోసి, పాతది తీసేసి, పేరు మార్చుకోవాలి.

ఇక లాక్. ఇక్కడ చాలామంది పొరబడేది ఏమిటంటే, మార్పు క్షణంలో అయ్యేదైతే లాక్ గురించి బాధ లేదనుకోవడం. పోస్ట్‌గ్రెస్‌లో ఆల్టర్ టేబుల్‌తో టైప్ మార్చాలంటే యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ కావాలి. ఇది అన్నిటికంటే గట్టి లాక్, డేటా చదివే మామూలు సెలెక్ట్ క్వెరీతో కూడా పొసగదు. ఎవరో అనలిటిక్స్ వాళ్లు అదే టేబుల్ మీద ఇరవై నిమిషాల రిపోర్ట్ నడుపుతున్నారనుకోండి. ఆల్టర్ దాని వెనక నిలబడుతుంది. ఆల్టర్ తర్వాత వచ్చిన ప్రతి సెలెక్టూ ఆల్టర్ వెనక నిలబడుతుంది, అవన్నీ ఆ రిపోర్ట్‌తో ఏ గొడవా లేకుండా నడవగలిగినవే అయినా. రైల్వే గేటు పడ్డప్పుడు రైలు దూరంలో ఉన్నా రోడ్డు మీద బండ్లు పేరుకుపోయినట్టు, రెండు మిల్లీసెకన్ల పని కోసం సైట్ మొత్తం ఆగిపోతుంది. డేటాబేస్‌కు ఉన్న కొద్ది కనెక్షన్ల పూల్ నిండిపోయి, ఆ టేబుల్‌తో సంబంధం లేని పేజీలు కూడా తెరుచుకోవు. అందుకే ఆల్టర్‌కు ముందు లాక్_టైమవుట్‌ను రెండు మూడు సెకన్లకు పెడతారు. ఆ లోపు లాక్ దొరక్కపోతే తప్పుకుంటుంది, కాసేపాగి మళ్లీ ప్రయత్నించవచ్చు. ప్రొడక్షన్‌లో ఇది లేకుండా ఆల్టర్ నడపడం దుస్సాహసం.

టైమ్ సంగతి ఇంతే. ఆలస్యమైతే తెలుస్తుంది, ఎర్రర్ వస్తే తెలుస్తుంది. తెలియనిది, కమాండ్ చక్కగా పూర్తయి, డేటా మాత్రం మారిపోవడం.

పోస్ట్‌గ్రెస్‌లో టెక్స్ట్ కాలమ్‌ను ఇంటిజర్ చేయమంటే ఆటోమేటిక్‌గా కుదరదని ఎర్రర్ ఇస్తుంది, యూజింగ్ అని రాసి ఎలా మార్చాలో చెప్పమని కింద ఒక సూచన కూడా ఇస్తుంది. దాన్ని కాపీ చేసి అతికించడం అలవాటైపోయింది. ఇంటిజర్ విషయంలో అది మంచిదే, ఎందుకంటే కాలమ్‌లో ఖాళీ స్ట్రింగ్, "నిల్", "1,20,000" లాంటివి ఒక్కటున్నా మళ్లీ ఎర్రర్ వచ్చి మొత్తం వెనక్కి పోతుంది. అదే అలవాటుతో వార్‌చార్ 100ని 50కి కుదించేటప్పుడు కూడా యూజింగ్ రాసి అందులో వార్‌చార్ 50కి కాస్ట్ చేశారనుకోండి, అంటే విలువను ఆ టైపులోకి మార్చమని రాశారనుకోండి. యూజింగ్ లేకపోతే, యాభై దాటిన విలువ ఉంటే ఎర్రర్ వచ్చేది. కాస్ట్ రాశాక అది "తెలిసే అడుగుతున్నారు" కిందికి వస్తుంది, ఎస్‌క్యూఎల్ ప్రమాణం ప్రకారం యాభయ్యో అక్షరం తర్వాత ఉన్నదంతా కత్తిరించేస్తుంది. హెచ్చరిక కూడా రాదు. అడ్రసుల్లో చివర పిన్‌కోడ్ పోయిందని కొరియర్లు వెనక్కి వస్తే గానీ తెలియదు.

తేదీలు ఇంతకంటే ప్రమాదం. మన దగ్గర తయారైన చాలా పాత టేబుళ్లలో తేదీ టెక్స్ట్ కాలమ్‌లో, రోజు ముందు, నెల తర్వాత ఉంటుంది. సర్వర్‌లో డేట్‌స్టైల్ సెట్టింగ్ ఎండీవై, అంటే నెల ముందు రోజు తర్వాత అన్న అమెరికా పద్ధతి అయితే, నేరుగా డేట్‌కు కాస్ట్ చేసినప్పుడు 03/04/2023 ఏప్రిల్ 3 కాకుండా మార్చి 4 అవుతుంది. 25/12/2023 లాంటిది ఒక్కటి తగిలినా పన్నెండుకు మించి నెలలు ఎక్కడివని ఎర్రర్ వస్తుంది కాబట్టి అదృష్టం. ఆ అదృష్టం కలిసిరాని సందర్భాలు లేకపోలేదు: ప్రతి నెలా ఐదో తారీఖు లోపే పడే జీతాల టేబుల్, లేదా టెస్ట్ సర్వర్‌లో పెట్టిన నాలుగు వరుసల నమూనా. ఎక్కడా ఎర్రర్ రాదు, తేదీలన్నీ తలకిందులవుతాయి. టు_డేట్ ఫంక్షన్ వాడి డీడీ/ఎంఎం/వైవైవైవై అని ఫార్మాట్ చేతితో రాయడం తప్ప వేరే దారి నమ్మదగింది కాదు.

డబ్బు లెక్కలను ఫ్లోట్‌లో (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే టైపు) దాచకూడదని అందరికీ తెలుసు, అయినా దాస్తారు. ఎప్పుడో ఒకరోజు బుద్ధి తెచ్చుకుని న్యూమరిక్‌గా (దశాంశాలను ఉన్నవి ఉన్నట్టు దాచే టైపు) మారుస్తారు. పోస్ట్‌గ్రెస్‌లో రియల్ అనే ఫ్లోట్ టైపు కాలమ్‌లో ₹1,23,45,678.90 వేశారనుకుందాం. రియల్‌లో 24 బిట్ల ఖచ్చితత్వమే ఉంటుంది, ఈ స్థాయి సంఖ్యల్లో రూపాయి కంటే చిన్న తేడా పట్టదు. కాబట్టి లోపల నిలిచింది 1,23,45,679. పైసలు ఆ రోజే పోయాయి. ఇప్పుడు న్యూమరిక్ 14, 2కి మారిస్తే కనీసం ఆ 1,23,45,679 అయినా రావాలి కదా? రాదు. రియల్ నుంచి న్యూమరిక్‌కు మార్చేటప్పుడు పోస్ట్‌గ్రెస్ ఆరు అంకెల ఖచ్చితత్వమే నమ్ముతుంది. వచ్చేది 1,23,45,700.00. అసలు మొత్తం కంటే ₹21.10 ఎక్కువ. ఎర్రర్ లేదు, యూజింగ్ కూడా అడగదు. చూడటానికి మాత్రం రెండు దశాంశ స్థానాలతో ఎంతో ముచ్చటగా ఉంటుంది. యూజింగ్‌లో ముందు డబుల్ ప్రెసిషన్‌కు, అక్కడి నుంచి న్యూమరిక్‌కు మారిస్తే 1,23,45,679.00 వస్తుంది. పోయిన పైసల కోసం మాత్రం పాత వోచర్లే వెతకాలి.

తెలుగు అక్షరాల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో యూటీఎఫ్-8 కొలేషన్ (అక్షరాల ఎన్‌కోడింగ్, వరుసక్రమం తేల్చే సెట్టింగ్) లేని వార్‌చార్ కాలమ్‌లో తెలుగు పేర్లు వేస్తే అవి ప్రశ్నార్థకాలుగా నిలుస్తాయి. ఎవరో ఫిర్యాదు చేశాక కాలమ్‌ను యూనికోడ్ పట్టే ఎన్‌వార్‌చార్ చేస్తారు. పాత ప్రశ్నార్థకాలు ప్రశ్నార్థకాలుగానే ఉంటాయి, అక్కడ దాగిన అక్షరాలేమీ లేవు. కొత్తగా వేసేవి కూడా, కోట్స్ ముందు ఎన్ అక్షరం పెట్టకుండా క్వెరీలో నేరుగా రాస్తే, కాలమ్‌కు చేరకముందే ప్రశ్నార్థకాలవుతాయి. ఒరాకిల్‌లో వార్‌చార్2 30 అంటే డిఫాల్ట్‌గా ముప్పై బైట్లు. వెంకటేశ్వర్లు అనే పేరులో ఒత్తులు, గుణింతాలు, సున్నాతో కలిపి 13 యూనికోడ్ సంకేతాలు, యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 39. ఇంగ్లిష్‌లో ముప్పై అక్షరాలు పట్టే చోట మన వెంకటేశ్వర్లు పట్టడు. ఇక్కడ 30 పక్కన క్యార్ అని చేర్చి మార్చడమే పరిష్కారం.

మైఎస్‌క్యూఎల్‌లో ఇంకో పాత చిక్కుంది. ఒకప్పటి పీహెచ్‌పీ సైట్లలో టేబుల్ ఎన్‌కోడింగ్ లాటిన్1 (పశ్చిమ యూరప్ భాషల అక్షరాలది) అని ఉంటుంది, అప్లికేషన్ మాత్రం అందులో యూటీఎఫ్-8 తెలుగు బైట్లు తోస్తూ ఉంటుంది. రాసేదీ చదివేదీ ఒకే తప్పు దారిలో కాబట్టి పేజీలో అంతా బాగానే కనిపిస్తుంది. ఈ కాలమ్‌ను నేరుగా యూటీఎఫ్8ఎంబీ4కి మారిస్తే మైఎస్‌క్యూఎల్ తన ధర్మం తాను నిర్వర్తిస్తుంది: ఒక్కో బైటునూ ఒక్కో లాటిన్ అక్షరంగా నమ్మి అనువదిస్తుంది. తెలుగు కాస్తా గీతలూ చుక్కలూ ఉన్న పిచ్చి లాటిన్ అక్షరాల దండ అవుతుంది. సరైన దారి, ముందు కాలమ్‌ను బ్లాబ్ చేయడం, తర్వాత యూటీఎఫ్8ఎంబీ4 టెక్స్ట్ చేయడం. బ్లాబ్‌కు భాష లేదు, కాబట్టి బైట్లను ముట్టుకోకుండా అప్పగిస్తుంది. ఇక్కడ కావాల్సింది మార్చడం కాదు, మార్చకుండా పేరు సరిచేయడం.

ఫోన్ నంబర్ల గురించి ఒక మాట. పది అంకెల మొబైల్ నంబర్ ఇంటిజర్‌లో పట్టదు, మన నంబర్లు ఆరు నుంచి తొమ్మిదితో మొదలవుతాయి కదా. అప్పుడు బిగ్‌ఇంట్ చేద్దామనే ఆలోచన వస్తుంది. హైదరాబాద్ 040, విశాఖ 0891 ముందున్న సున్నా ఆ రోజుతో సరి. కూడికలు తీసివేతలు చేయని అంకెలు సంఖ్యలు కావు, అవి టెక్స్టే. అలాగని టెక్స్ట్ చేసి ఊరుకున్నా చాలదు. పాత క్వెరీల్లో కోట్స్ లేకుండా నంబర్ రాసి ఉంటే పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ ఇస్తుంది. మైఎస్‌క్యూఎల్ జవాబు సరిగానే ఇస్తుంది గానీ ఇండెక్స్ వాడుకోలేక టేబుల్ అంతా వెతుకుతుంది.

టైప్ మార్చేటప్పుడు దానికి అంటుకుని ఉన్నవి జారిపోవడం మరో రకం నష్టం. మైఎస్‌క్యూఎల్ మాడిఫై అంటే కాలమ్‌ను మళ్లీ మొదటి నుంచి నిర్వచించడం. నాట్ నల్, డిఫాల్ట్, కామెంట్, ఆటో_ఇంక్రిమెంట్ ఏది తిరిగి రాయకపోతే అది పోతుంది. ఐడీ బిగ్‌ఇంట్ అని మాత్రమే రాసి వదిలేస్తే మార్పు విజయవంతం, ఆ తర్వాత వచ్చే మొదటి ఇన్‌సర్ట్ ఫెయిల్. షో క్రియేట్ టేబుల్ ఇచ్చిన పాత లైనును ఎదురుగా పెట్టుకుని రాయడం ఒక్కటే మార్గం. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనూ నాట్ నల్ మళ్లీ రాయకపోతే కాలమ్ సాధారణంగా నల్‌ను ఒప్పుకునేదిగా మారిపోతుంది. పోస్ట్‌గ్రెస్ ఈ విషయంలో మెరుగు, అయితే కాలమ్‌ను వాడే వ్యూ (పేరు పెట్టి దాచిన క్వెరీ) ఉంటే అసలు కదలనివ్వదు. వ్యూ తీసి, టైప్ మార్చి, వ్యూ మళ్లీ కట్టాలి. అన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో చేయొచ్చు, మధ్యలో చెడితే రోల్‌బ్యాక్, అంటే అంతా వెనక్కి. మైఎస్‌క్యూఎల్‌లో ఆ వెసులుబాటు లేదు, ఆల్టర్ రాగానే నడుస్తున్న ట్రాన్సాక్షన్ దానంతటదే కమిట్ అవుతుంది.

ఆ ఐడీని మోసే మిగతా కాలమ్‌లనూ మరవకూడదు. 2006 నవంబర్‌లో టెక్ వార్తల సైట్ స్లాష్‌డాట్‌కు జరిగింది ఇదే. కామెంట్ల టేబుల్‌లో ప్రైమరీ కీని ఏళ్ల క్రితమే పెద్ద ఇంటిజర్‌కు మార్చుకున్నారు. ఏ కామెంట్‌కు ఇది జవాబో చెప్పే పేరెంట్ కాలమ్ మాత్రం అన్‌సైన్డ్ మీడియంఇంట్‌గానే (మూడు బైట్ల ఇంటిజర్) మిగిలింది. కామెంట్లు 1,67,77,215 దాటిన రాత్రి జవాబులకు చోటు లేకపోయింది. రెండు కాలమ్‌ల సంబంధాన్ని డేటాబేస్‌కే చెప్పే ఫారిన్ కీ కట్టి ఉంటే ఈ టైపుల తేడాను మైఎస్‌క్యూఎల్ తనే పట్టుకుంటుంది. కట్టకుండా అప్లికేషన్ మాత్రమే ఎరిగిన సంబంధాలను మనుషులే వెతకాలి.

మరి పెద్ద టేబుల్‌ను ఆపకుండా ఎలా మార్చడం? నేరుగా మార్చకపోవడమే జవాబు. పోస్ట్‌గ్రెస్‌లో పక్కన నల్‌ను ఒప్పుకునే కొత్త బిగ్‌ఇంట్ కాలమ్ చేర్చడానికి క్షణం పడుతుంది. కొత్తగా వచ్చే, మారే వరుసలకు రెండు కాలమ్‌లూ నింపేలా ఒక ట్రిగ్గర్. పాత వరుసలను ఐదు పదివేల చొప్పున, రెప్లికాలు (డేటాబేస్ నకళ్లు) వెనకబడుతున్నాయేమో చూసుకుంటూ, రోజుల తరబడి నింపడం. ఆ తర్వాత కాంకరెంట్‌గా, అంటే రాతలు ఆపకుండా, యూనిక్ ఇండెక్స్. నల్ లేదనే చెక్ కన్‌స్ట్రెయింట్‌ను ముందు నాట్ వ్యాలిడ్ అని పెట్టి, తర్వాత తీరిగ్గా వ్యాలిడేట్ చేయాలి. అలా చేస్తే 12 వెర్షన్ నుంచి నాట్ నల్ పెట్టేటప్పుడు మళ్లీ టేబుల్ అంతా స్కాన్ చేయదు. చివరికి ఒక చిన్న ట్రాన్సాక్షన్‌లో పేర్లు తారుమారు చేసి ప్రైమరీ కీని కొత్త ఇండెక్స్‌కు అప్పగిస్తారు. ఇక్కడే మరిచిపోయేది ఐడీలకు వరస నంబర్లు ఇచ్చే సీక్వెన్స్: 10 వెర్షన్ నుంచి సీరియల్ కాలమ్ సీక్వెన్స్‌కు కూడా సొంత టైపు ఉంటుంది, దాన్నీ బిగ్‌ఇంట్ చేయకపోతే కాలమ్ పెద్దదైనా నంబర్లు పాత హద్దు దగ్గరే ఆగుతాయి.

మైఎస్‌క్యూఎల్ వాళ్లకు ఈ చాకిరీ చేసిపెట్టే టూల్స్ ఉన్నాయి. పెర్కోనా వాళ్ల పీటీ-ఆన్‌లైన్-స్కీమా-చేంజ్ ట్రిగ్గర్లతో నడుస్తుంది. గిట్‌హబ్ 2016లో బయటపెట్టిన ఘోస్ట్ ట్రిగ్గర్లు లేకుండా బైనరీ లాగ్ (మార్పుల చిట్టా) చదివి పని చేస్తుంది, అవసరమైతే మధ్యలో నెమ్మదింపజేయొచ్చు, కానీ ఫారిన్ కీలున్న టేబుళ్ల జోలికి పోదు. మామూలు ఆల్టర్‌తో రెప్లికాకు ఉన్న ఇబ్బందీ ఈ టూల్స్‌తో తీరుతుంది. ప్రైమరీలో రెండు గంటలు నడిచిన ఆల్టర్, అక్కడ ముగిశాకే రెప్లికాలో మొదలవుతుంది, ఇంకో రెండు గంటలు రెప్లికా వెనకబడి ఉంటుంది.

ఇంత తీరిక లేనప్పుడు, హద్దు వారంలోనే ఉందని తేలినప్పుడు, పోస్ట్‌గ్రెస్‌లో ఒక నాటు ఉపాయం ఉంది. సీక్వెన్స్‌ను మైనస్ 214 కోట్ల నుంచి మొదలుపెట్టి పైకి రానివ్వడం. ఇంటిజర్‌లో సగం చోటు ఎప్పుడూ వాడనే వాడరు కదా. ఐడీ క్రమంలో పేర్చే పేజీలు తిరగబడతాయి, ఐడీ సున్నా కంటే ఎక్కువ ఉండాలని ఎక్కడో రాసిన చెక్ బయటపడుతుంది, అయినా కొన్ని నెలల ఊపిరి దొరుకుతుంది. హద్దు ఎంత దూరమో వరుసల లెక్కతో అంచనా వేయకూడదు. రోల్‌బ్యాక్ అయిన ఇన్‌సర్ట్‌లు, ఆన్ కాన్‌ఫ్లిక్ట్ వల్ల చేరని వరుసలు కూడా నంబర్లు తినేస్తాయి. నలభై కోట్ల వరుసలున్న టేబుల్‌లో ఐడీ రెండు వందల కోట్ల దగ్గర ఉండటం వింతేమీ కాదు, చూడాల్సింది సీక్వెన్స్ చివరి విలువనే.

డేటాబేస్‌లో పని ముగిశాక పోస్ట్‌గ్రెస్‌లో ఎనలైజ్ నడపాలి. ఆల్టర్‌తో టైప్ మార్చినా, కొత్త కాలమ్ పెట్టి నింపినా, ఆ కాలమ్‌కు స్టాటిస్టిక్స్ (విలువలు ఎలా ఉన్నాయో చెప్పే లెక్కలు) లేకపోవచ్చు, అప్పుడు క్వెరీ ఎలా నడపాలో తేల్చే ప్లానర్ కాసేపు గుడ్డిగా ప్లాన్లు వేస్తుంది. అప్లికేషన్ వైపు జావాలో ఇంట్ అని రాసిన చోటల్లా లాంగ్ కావాలి. సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ బిగ్‌ఇంట్‌ను సంఖ్యగా ఇవ్వదు, స్ట్రింగ్‌గా ఇస్తుంది. జావాస్క్రిప్ట్ సంఖ్యల్లో 9,007,199,254,740,991 దాటితే ఖచ్చితత్వం ఉండదు కాబట్టి డ్రైవర్ ముందుజాగ్రత్త అది. నిన్నటిదాకా ఐడీకి ఒకటి కలిపిన కోడ్ ఇప్పుడు 25కి ఒకటి కలిపి 251 అంటుంది. టెస్టుల్లో ఆ ఐడీలను చేత్తో సంఖ్యలుగా రాసి ఉంటే అవి పాస్ అవుతూనే ఉంటాయి.